రెండు బెత్తెల జుట్టు

వసంత పూర్ణిమ నాటి తెల్లవారుజాము దాటింది. పాలనది మీద మంచు ఇంకా విడలేదు. ఏది నీరో ఏది గాలో తెలియని ఆ తెల్లదనంలో ఒక చిన్న పడవ ఏటికి ఎదురుగా పోతున్నది. ఒడ్డున పూచిన చెట్లు కంటికి కనబడవు. వాటి లేతగులాబి రేకులు మాత్రం ఎక్కడినుంచో వచ్చి నీటి మీద వాలుతున్నవి. దూరాన మంచుకొండ శిఖరం ఒక్కటే, కింద కొండ అనేదే లేనట్టు ఆకాశంలో తేలుతున్నది.

పడవలో ఇద్దరున్నారు. ఒకామె డెబ్బయ్యేళ్ళ ముసలిది. దువ్వెనల పెట్టె ఒళ్ళో పెట్టుకుని పట్టమహిషిలా కూర్చున్నది. రెండోవాడు తెడ్డు వేస్తున్నాడు. అతని తల మీద రెల్లుతో అల్లిన పెద్ద బుట్ట మెడ దాకా దిగి ఉంది. లోకానికి ముఖం చూపరాదని వ్రతం పట్టి, వేణువు ఊదుకుంటూ ఊళ్ళు తిరిగే సన్యాసుల వేషమది. ఆ బుట్ట కింద ఉన్నవాడు మధ్యాహ్నానికల్లా అరుణద్వీపానికి ఏలిక కావలసిన అభయాంకుడని ఎవరితోనైనా చెబితే పగలబడి నవ్విపోతారు.

అరుణద్వీపంలో చక్రవర్తి లేకపోలేదు. ఉన్నాడు. కాని ఆయన సూర్యుడి సంతతి. తెర వెనుక కూర్చుని వెన్నెల మీద పద్యాలు చెప్పుకుంటాడు తప్ప రాజ్యం ఊసెత్తడు. కత్తి పట్టేదీ, కోటలు కట్టేదీ, తలలు తీసేదీ అంతా మహాదండనాథుడే. వెనుకటి మహాదండనాథుడికి ముగ్గురు కొడుకులు. పీఠం కోసం కొట్టుకు చస్తారని భయపడి చిన్నవాళ్ళిద్దరినీ పసితనంలోనే గుండ్లు గీయించి ఒక కొండ మఠానికి పంపేశాడు. తీరా పీఠమెక్కిన పెద్దకొడుకు తాగి తాగి ఏడాది తిరక్కుండానే కన్ను మూశాడు. సామంతులు తలలు పట్టుకుని, సన్యాసులిద్దరి పేర్లూ చీటీల మీద రాసి యుద్ధదేవత ముందు కుండలో వేశారు. చిన్నవాడి పేరు వచ్చింది. అదే రోజు రెండోవాడు సుమేధుడు మఠంలోంచి మాయమైపోయాడు.

చీటీ వచ్చినంత మాత్రాన దండనాథుడైపోతాడా? అక్కడే ఉంది తిరకాసు. ఆ ద్వీపపు శిరస్త్రాణం కొసన ఒక బంగారు వలయం ఉంటుంది. కట్టిన కొప్పు ఆ వలయంలోంచి పైకి రావాలి. రాకపోతే ఎంతటి మొనగాడైనా వాడు దండనాథుడు కాడు. బోడిగుండుకూ మోకాలికీ ముడి వేయవచ్చునేమో కాని బోడిగుండుకు కొప్పు వేయడం ఎవరి తరం? అందుకని సామంతులు పదిహేను నెలల గడువు పెట్టారు. గడువు ఈ పూర్ణిమ మధ్యాహ్నంతో సరి. ఆలోగా కొప్పు వలయం దాటకపోతే రాజ్యం ముద్రాధికారి గంధకేతుడి చేతిలోకి పోతుంది.

ఆ పదిహేను నెలలూ అభయాంకుడి తలను కాపాడినది పేరిందేవమ్మ. మూడు తరాల దండనాథులకు కొప్పులు కట్టిన చెయ్యి ఆమెది. గుంటగలగరాకు నూనె కాచి, రోజుకు రెండు పూటలా మర్దన చేసి, ప్రతి ఉదయం వేళ్ళతో కొలిచి, నిన్నటికి రెండు బెత్తెల జుట్టు సాధించింది. దాన్ని కన్ను మరుగు చేయలేక పడవలో తనూ ఎక్కి కూర్చున్నది.

"తెడ్డు నెమ్మదిగా వెయ్యి నాయనా! చెమట పడితే కుదుళ్ళు వదులైపోతాయి" అన్నది.

"అవ్వా, నేను నీకు ప్రభువునా, తలకాయనా?"

"ఈ పూటకి తలకాయవే. మధ్యాహ్నం దాటితే ప్రభువ్వి."

అభయాంకుడు బుట్టలోపల నవ్వాడు. కాని నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. నడుములో దోపుకున్న ఉత్తరం గుర్తుకు వచ్చింది. నిన్న సాయంకాలం అది గంధకేతుడి దగ్గరినుంచి వచ్చింది.

'మీ అన్నగారు మా మంచుమఠంలో నిద్రిస్తున్నారు. రోజుకొక జ్ఞాపకం చొప్పున మా ధూపానికి సమర్పించుకున్నారు. ఇక పేరొక్కటే మిగిలింది. రేపు మధ్యాహ్నం అదీ ఇచ్చేస్తారు. పేరు మరిచినవాడు ఊపిరి తీయడం కూడా మరుస్తాడు. కడసారి చూపు కావాలంటే దయచేయండి.'

అరుణద్వీపంలో ధూపాన్ని వాసన చూడరు, వింటారు. పెద్దలు నలుగురు చేరి ఒక చిటికెడు పొడి నిప్పు మీద వేసి, కళ్ళు మూసుకుని, 'ఇది ఏమంటున్నది?' అని ఒకరినొకరు అడుగుతారు. గంధకేతుడు వేసిన ధూపం మాత్రం నిజంగానే మాట్లాడుతుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ మనిషిలోంచి ఒక్కొక్కటే తీసుకుంటుంది. సైన్యంతో వెళ్ళి వాణ్ణి పట్టుకుందామంటే, ఏ మఠం గడపా ఆయుధం దాటరాదని దేవుడి ఆన. కాదని దాటితే సొంత సైనికులే తిరగబడతారు. అందుకే ఈ బుట్ట, ఈ వేణువు.

పడవ మంచుమఠం ఉత్తరపు గోడ కిందికి చేరింది. గోడ నేరుగా నీళ్ళలోంచి లేచి ఉంది. పేరిందేవమ్మను పడవలోనే ఉండమని చెప్పి, అభయాంకుడు మెట్లెక్కి ముంగిటి ద్వారం దగ్గరికి నడిచాడు.

ద్వారం బార్లా తీసే ఉంది. లోపలి ముంగిట్లో తెల్లని ఇసుకను అలలు అలలుగా దువ్వి పెట్టారు. ఆ ఇసుక మీద పొగ మోకాలెత్తున పాకుతున్నది. సన్యాసులు అరమూసిన కళ్ళతో బారులు తీరి కూర్చున్నారు. వాళ్ళ ముందు రాగి గంగాళాల్లో వేడినీళ్ళు ఆవిరి చిమ్ముతున్నవి. ఎక్కడో రాయి మీద కత్తి నూరుతున్న చప్పుడు మెత్తగా వినబడుతున్నది. ఎవరో పాడుతున్నారు: "రాలేది రాలనీ... ఉండేది ఉండనీ..."

ఆ చప్పుడు, ఆ ఆవిరి, ఆ పాట అభయాంకుడికి తల్లి ఒడి ఎంత తెలుసో అంత తెలుసు. అతని కాళ్ళు వాటంతటవే బారులో చోటు చూసుకున్నవి. చేతులు వాటంతటవే బుట్ట తీసి పక్కన పెట్టినవి. మెడ దానంతటదే వంగింది. గోరువెచ్చని నీళ్ళు నడినెత్తిన పడి చెవుల వెనుకగా కారుతుంటే ఎంత హాయిగా ఉందో! పదిహేను నెలల బెంగంతా ఆ నీళ్ళతో కారిపోతున్నట్టే ఉంది.

"ఈ పున్నమికి పంట బాగా పండిందే, స్వామీ!" అన్నాడు మంగలి సన్యాసి నిద్రమత్తులో, తడి జుట్టు గుప్పిట పట్టి.

అభయాంకుడు ఉలిక్కిపడ్డాడు. పున్నమి! సన్యాసులకు పున్నమి ఉదయం ముండనం. పదిహేనేళ్ళు ప్రతి పున్నమికీ తల వంచినవాడు, పదిహేను నెలల్లో పున్నమి అంటే పట్టాభిషేకం అనుకోవడం నేర్చుకున్నాడు. వేషం ఆలోచించాడు, దారి ఆలోచించాడు, ఈ ఒక్కటీ మరిచిపోయాడు. పుట్టు యువరాజులెవరూ చేయని తప్పు ఇది. ఒకప్పటి సన్యాసి మాత్రమే చేయగలడు.

"దాహం, స్వామీ. ఇప్పుడే వస్తాను" అని లేచి, ఒక్క పరుగున గోడ దగ్గరికి పోయి తొంగి చూశాడు. కింద పడవలో పేరిందేవమ్మ తడిసిన ఆ తలను చూసి గుండె బాదుకున్నది.

"ఎవడు తడిపాడు? కత్తి పెట్టలేదు కదా?"

"ఇంకా లేదు. అవ్వా, లోపలి వాకిట కాపలావాళ్ళు ఒక్కొక్కరి తలా తడిమి చూసి పంపుతున్నారు. ఈ ఉదయం గీసిన గుండైతేనే గడప దాటనిస్తారు."

"అయితే వచ్చెయ్యి. దూకెయ్యి. ఈ ఏటివాలుకి రెండు గడియల్లో కోటలో ఉంటాం. కొప్పు కడతాను, పీఠమెక్కుతావు. ఆ తరవాత ఈ పొగరాయుడి సంగతి చూద్దువుగాని."

"ఆ తరవాత మా అన్నయ్య ఉండడు."

ముసలామె పడవ అంచు పట్టుకుని లేచి నిలబడింది. "నాయనా, వాడి చేతికి రాజ్యం పోతే ఊళ్ళకు ఊళ్ళు ఇట్టాగే నిద్రపోతాయి. నా ఇద్దరు కొడుకులు వాడి ధూపం విన్నవాళ్ళే. ఎదురుగా కూచోబెట్టి అన్నం పెడితే, 'ఎవరమ్మా నువ్వు' అని అడుగుతారు. బతికుంటే బలుసాకు తినొచ్చు, నీకేం. ఊరందరి మాట చూడవద్దూ?"

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. అయినా అభయాంకుడికి గుర్తుకు వచ్చింది ఒక్కటే. కొండ మఠంలో చలికాలం ఇద్దరికీ కలిపి ఒక్క కంబళి ఇచ్చేవారు. 'నాకు ఉక్కగా ఉంది' అని ప్రతి రాత్రీ అన్న దాన్ని పూర్తిగా తమ్ముడి మీద కప్పేవాడు. ఆ అబద్ధం వింటూ హాయిగా నిద్రపోయినందుకు అభయాంకుడికి ఇన్నేళ్ళ తరవాత సిగ్గు వేసింది. ఏడుపు కూడా వచ్చింది.

"అవ్వా, నన్ను క్షమించు" అని వెనక్కి నడిచాడు.

బారులో కూర్చుని ఈసారి తనే, తెలిసి, మెడ వంచాడు. కత్తి నాలుగు ఊపుల్లో పని ముగించింది. పదిహేను నెలల గుంటగలగరాకు నూనె, డెబ్బయ్యేళ్ళ ముసలామె ప్రాణం, ఒక రాజ్యం, అన్నీ కలిసి లక్కపళ్ళెంలో మెత్తగా పడ్డవి. మంగలి సన్యాసి ఆ పళ్ళెం పట్టుకుని ఆవలిస్తూ లోపలికి నడిచాడు. పొడవాటి జుట్టు దొరికితే తనకు తెచ్చి ఇవ్వమని గంధకేతుడు ముందే చెప్పి ఉంచాడు మరి!

కాపలావాళ్ళు గుండు తడిమి దారి ఇచ్చారు. అభయాంకుడు గుండెల నిండా గాలి పీల్చి బిగబట్టాడు. మఠంలో నేర్చిన విద్య అది. నూరు లెక్కపెట్టేదాకా ఊపిరి తీయకుండా ఉండగలడు.

లోపల అంతా పొగ. కాగితపు తలుపుల వెనుక కాగితపు తలుపులు. వాటి మీద చిత్రించిన కొంగలు పొగలో రెక్కలు ఆడిస్తున్నవి. పొగ మాట్లాడుతున్నది. ఒక మూల తల్లి గొంతుతో అన్నానికి పిలిచింది. ఒక మూల చిన్ననాటి వాన చినుకులా చిటపటలాడింది. మరో మూల అసలు ఏమీ అనకుండా నిట్టూర్చింది, ఆ నిట్టూర్పు అన్నిటికంటే తీయగా ఉంది. అరవై లెక్కపెట్టేసరికి పొగ అతని పక్కనే నడుస్తూ, 'అంత తొందర ఎందుకు, ఆ లెక్క ఇటు ఇవ్వు' అన్నది. అరవై తరవాత ఏమిటో అభయాంకుడికి తట్టలేదు. అయినా నడిచాడు.

చివరి గదిలో చాప మీద ఒక మనిషి పడుకొని ఉన్నాడు. తల నుంచి కాళ్ళదాకా తెల్లని వస్త్రం కప్పి ఉంది. తలాపున నిప్పుల కుంపటి. ఆ మనిషి ఛాతీ దగ్గర కట్టిన పట్టుదారం పైకప్పు దాకా పోయి ఒక వెండి మువ్వకు తగులుకొని ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా మువ్వ ఘల్లుమంటున్నది. అది ఆగితే కాపలావాళ్ళు పరుగెత్తుకొస్తారన్నమాట.

అభయాంకుడు నదివైపు కిటికీ తెరిచి, చల్లగాలి రాగానే ఊపిరి వదిలాడు. వంగి వస్త్రం తొలగించాడు. అన్నే. చిక్కిపోయాడు, తెల్లబడ్డాడు. ముఖం మాత్రం తమ్ముడి ముఖమే, అచ్చు గుద్దినట్టు. పోతే, ఆ ముఖం చుట్టూ భుజాల దాకా నల్లని జుట్టు పరుచుకొని ఉంది!

గంధకేతుడు గొప్ప మాంత్రికుడే కావచ్చు. కాని సన్యాసి అంటే బోడిగుండేనని ఊరుకున్నాడు. ముసుగు కప్పినవాడికి పదిహేను పున్నములపాటు ముండనం చేయాలని మఠంలో ఒక్కరికీ తోచలేదు.

చల్లగాలికి సుమేధుడు కళ్ళు తెరిచాడు. చాలాసేపు తమ్ముడి వంక చూశాడు.

"ఎవరు స్వామీ తమరు?"

కత్తి దిగినా అంత నొప్పి ఉండదు. ఇంతలో ఆశ్చర్యంతో సుమేధుడు ఊపిరి బిగబట్టాడు. మువ్వ ఆగింది. వెంటనే నడవలో అడుగుల చప్పుడు వినబడింది. అభయాంకుడు చటుక్కున ఆ దారం విప్పి తన ఛాతీకి కట్టుకుని ఊపిరి తీశాడు. మువ్వ ఘల్లుమన్నది. అడుగులు ఆగి, వెనక్కి మళ్ళినవి.

అప్పుడు అతనికి చేయవలసినదంతా ఒక్కసారిగా కనబడింది. ఇద్దరూ వెళ్ళలేరు. ఈ మువ్వకు ఎవరో ఒకరు ఊపిరి ఇస్తూ ఉండాలి. కొప్పు కట్టగల తల ఈ గదిలో ఒకటే ఉంది. అది తనది కాదు.

"తమరి పేరు గుర్తుందా?" అని అడిగాడు.

సుమేధుడు వెతుక్కున్నాడు. పాపం, ఇల్లంతా దోచుకుపోయాక మూలమూలలా తడుముకునే మనిషిలా చూశాడు. "సు... ఏదో ఉండేది. ఏమిటి నా పేరు?"

"అభయాంకుడు."

"అభయాంకుడు" అన్నాడు సుమేధుడు, పసివాడు పాఠం చెప్పినట్టు.

"మరొకసారి."

"అభయాంకుడు. బాగుంది. మరి తమరి పేరో?"

"తరవాత చెబుతాను."

అభయాంకుడు కిటికీలోంచి నీటికాకిలా కూశాడు. పడవ గోడ పక్కగా వచ్చి కిటికీ కింద ఆగింది. కప్పి ఉన్న వస్త్రాన్ని మెలివేసి తాడు చేసి, ఛాతీకి కట్టుకున్న దారం తెగకుండా చూసుకుంటూ, అన్నను మెల్లగా కిందికి దించాడు. పేరిందేవమ్మ ఆ తలను చూసింది. చూసి, ఏడుస్తున్నది ఏడుస్తూనే వేళ్ళు పెట్టి కొలిచింది.

"అమ్మ నా తండ్రే! మూడు బెత్తెలు! నూనె చుక్కైనా లేకుండా మూడు బెత్తెలు!" అని, తలెత్తి కిటికీలోకి చూసింది. అక్కడున్న గుండును చూసి ఆమెకు అంతా అర్థమైంది. "మరి నువ్వో, నాయనా?"

"నేను కాసేపు పడుకుంటాను. అవ్వా, దారి పొడుగునా అభయాంకా అని పిలుస్తూ ఉండు. మరిచిపోనివ్వకు. ముడి గట్టిగా వెయ్యి. తరవాత కూడా పక్కనే ఉండు, ఎవరినీ మాట్లాడనివ్వకు."

"నన్ను దాటి మాట్లాడేవాడెవడు?" అన్నది ముసలామె కొంగుతో ముక్కు తుడుచుకుని. "పిలుస్తూనే ఉంటాను. నా కొడుకుల్ని కూడా ఇట్టాగే పిలుస్తున్నానుగా."

పడవ ఏటివాలుకు మంచులో కలిసిపోయింది. "అభయాంకా! నా తండ్రీ, అభయాంకా!" అన్న పిలుపు చాలాసేపు వినబడి, రేకులు రాలిన చప్పుడంత చిన్నదైపోయింది. తన పేరు అలా దూరంగా వెళ్ళిపోతుంటే అభయాంకుడు విని, తాడు చేసిన వస్త్రాన్ని విప్పి, కిటికీ మూసి, దాన్ని తల మీదుగా కప్పుకుని పడుకున్నాడు.

ఇక బిగబట్టడానికి వీల్లేదు. మువ్వకు ఊపిరి కావాలి. ఊపిరి తీసినప్పుడల్లా పొగ లోపలికి వచ్చి, వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి పట్టుకుపోయింది. ముందు తెడ్డు పట్టడం పోయింది. తరవాత కోట పోయింది, చీటీల కుండ పోయింది. గుంటగలగరాకు వాసన ఒకటి కాసేపు పెనుగులాడి అదీ పోయింది. అతను నీళ్ళ మీద తేలుతున్నాడు. పైన తెల్లగా ఉంది, కింద తెల్లగా ఉంది. చలిగా కూడా లేదు. ఎవరో కంబళి కప్పుతున్నారు. ఆ కప్పుతున్న చెయ్యిని మాత్రం అతను పట్టుకుని వదల్లేదు. పొగ ఎంత లాగినా వదల్లేదు.

సూర్యుడు నడినెత్తికి వస్తుండగా తలుపు జరిగింది. గంధకేతుడు లోపలికి వచ్చాడు. సన్నగా, పొడవుగా, బూడిదరంగు పట్టు ధరించి, నడిచే పొగలాగే ఉన్నాడు. ఒక చేతిలో పొన్నుకర్ర, మరో చేతిలో లక్కపళ్ళెం, అందులో రెండు బెత్తెల జుట్టు. దండనాథుడి జుట్టు తన వాకిట్లోనే రాలిందని, వాడిప్పుడు ఏ నడవలోనో దారి తప్పి పడి ఉంటాడని అతనికి గట్టి నమ్మకం. చాప పక్కన తీరికగా కూర్చుని, కుంపటిలో చివరి చిటికెడు వేశాడు.

"చెప్పు నాయనా" అన్నాడు ఎంతో ఆప్యాయంగా. "నీ పేరేమిటి?"

వస్త్రం కింద నుంచి జవాబు లేదు. మువ్వ నెమ్మదించింది. గంధకేతుడు చిరునవ్వు నవ్వి, ఆ చివరి ఊపిరి కోసం చెవి ఒగ్గాడు.

అప్పుడు ఏటివాలున, కోట వైపు నుంచి శంఖం మోగింది. ఒకటి. రెండు. మూడు. కొప్పు బంగారు వలయం దాటినప్పుడు మాత్రమే మూడు శంఖాలు మోగుతాయి.

గంధకేతుడి ముఖం పాలిపోయింది. చేతిలోని జుట్టు వంక చూశాడు. మళ్ళీ చెవి ఒగ్గి విన్నాడు. అనుమానం లేదు, మూడే. ఒక్క ఊపున వస్త్రం లాగి పారేశాడు. కింద నున్నగా గీసిన గుండు, తెరిచిన రెండు కళ్ళు.

"ఎవడివిరా నువ్వు?" అని అరిచాడు. ఎన్నడూ గొంతు పెంచని మనిషి. ఏ ఆయుధమూ గడప దాటరాని ఆ మఠంలోనే, అతని పొన్నుకర్రలోంచి సన్నని బాకు బయటికి వచ్చింది.

చాప మీది మనిషి నిజంగానే ఆలోచించాడు. వెతికాడు. లోపల ఎక్కడా ఏమీ లేదు, అంతా తెల్లగా ఉంది. అయినా ఒకటి మాత్రం రూఢిగా తెలుసు, దానికి అతనికి సంతోషం వేసింది.

"నా పేరు మా అన్న దగ్గర ఉంది" అన్నాడు. అని, ఛాతీ మీది దారం తెంపుకుని లేచి నిలబడ్డాడు. పైన మువ్వ ఆగిపోయింది, నడవలో అడుగుల చప్పుడు మొదలైంది.